సూట్‌కేసు తెరిచి చూసినంకనే తెలిసింది

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



మమ్మల్ని అప్పు కిస్తీల గురించి మాట్లాడమన్నారు. కిస్తీలు కడుతున్నాం. ఆ లెక్క నివేదికలో వేరే పేజీలో ఉంది, చూసుకోవచ్చు. పొద్దున టిఫిన్ల దగ్గర మాత్రం నలుగురైదుగురు అక్కలు ఒకటే మాట అడిగారు. "ఆ సేటు మీ తొక్కులు వద్దని వాపస్ పంపిండు కదా, మళ్లా ఎట్ల తీసుకుంటుండు? ఏం చెప్పి ఒప్పించిండ్రు?" అని. కాబట్టి అదే చెప్తాం. మేము చెప్పి ఒప్పించలేదు. చెప్పినన్ని రోజులు ఆయన విననే లేదు.

మాది 11 మంది ఉన్న సంఘం. ఊరు శంషాబాద్ మండలమే, బెంగళూరు రోడ్డుకు దగ్గర. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పుడు మాలో సగం మందికి ఇంకా పెళ్లి కాలేదు. మా అమ్మలు అప్పటిదాకా చేన్లకు, తోటలకు కూలికి పోయిన మనుషులు. ఇప్పుడు ఆ దిక్కు చేన్లు లేవు, వెంచర్లు, గోదాములు ఉన్నాయి. మాలో ఇద్దరు విమానాశ్రయంలో హౌస్‌కీపింగ్ పనికి పోతారు. ఒకామె అత్తాపూర్‌లో ఒక అపార్టుమెంట్‌లో వంట చేస్తుంది. మిగిలినవాళ్లం ఇంటికాడ ఉంటాం. అమెరికా పోయేవాళ్లు, దుబాయ్ పోయేవాళ్లు అందరూ మన మీదికెళ్లే పోతారు. వాళ్ల పెట్టెలో తొక్కు లేకుండా ఉండదు. ఆ తొక్కు మనమే ఎందుకు చేయకూడదు అనుకున్నాం. "చిలుకూరు బాలాజీ గుడి చుట్టు వీసా కోసం 11 సార్లు తిరుగుతరు, వచ్చినంక 108 సార్లు తిరుగుతరు, ఆ తర్వాత తొక్కుల కోసం తిరుగుతరు, అప్పుడు మనకాడికి రావాలె" అని మా పెద్దక్క నవ్వించేది.

బ్యాంకు లింకేజీ అప్పులోంచి 1,20,000 రూపాయలు దీనికి పెట్టాం. చేత్తో నొక్కే సీలింగ్ మిషన్, కాంటా, గిన్నెలు, కవర్లు, లేబుళ్లు కొన్నాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించాం. ఆ 14 అంకెల నంబరు వచ్చిన రోజు మాకు పదో తరగతి పాసైనంత సంతోషమైంది.

హైవే మీద తొక్కులు, పొడులు, సకినాలు అమ్మే దుకాణం ఒకటి ఉంది. పేరు చెప్పం, అవసరం లేదు. ఆ సేటు మొదటి రోజే అన్నాడు: "డ్వాక్రా అమ్మల మాలు నేను చాలా సార్లు చూసిన. మొదటిసారి మంచిగుంటది, రెండోసారి చెయ్యి మారుతది, మూడోసారి మీరే రారు." అయినా మొహమాటానికి 40 ప్యాకెట్లు పెట్టుకున్నాడు. అరకిలో మామిడికాయ తొక్కు ప్యాకెట్లు. అమ్మితేనే పైసలు అన్నాడు.

మొదటి పది రోజుల్లో 14 పోయాయి. పదకొండో రోజు ఫోన్ వచ్చింది. ఒకామె బిడ్డ కాన్పు కోసం అమెరికా పోయింది. బిడ్డకు శ్రీమంతానికి పెట్టే పట్టుచీర, మా తొక్కు ప్యాకెట్లు ఒకే పెట్టెలో పెట్టుకుంది. దిగి తెరిచేసరికి నూనె కారి చీర మడతల నిండా ఎర్రగా అంటుకుంది. ఇక్కడ ఉన్న ఆమె కొడుకు ఫొటోలు పట్టుకొని దుకాణానికి వచ్చాడు. సేటు ఆయన పైసలు ఆయనకు ఇచ్చి, మిగిలిన 26 ప్యాకెట్లు ఆటోలో మా ఊరికి పంపించాడు. "నేను చెప్పలేదా" అని కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆ రాత్రి సంఘం మీటింగు. తీర్మానాల పుస్తకంలో ఆ రోజు ఏమీ రాయలేదు, రాసే మాటలు ఎవరూ మాట్లాడలేదు. మిషన్ అమ్మేద్దామని ఒకామె. మిషన్ నాసిరకమని ఇంకొకామె. ఆ తల్లే పెట్టె సరిగ్గా సర్దుకోలేదేమో అని కూడా ఒక మాట వచ్చింది. కిస్తీ మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. ఒకామె భర్త అప్పటికే "మీ తొక్కుల ముచ్చట బంద్ చెయ్యి" అని రోజూ గొడవ.

అప్పుడు మేము చేసిన మొదటి పని తప్పు పని. దాచకుండా చెప్తున్నాం. ఊర్లో ఇరవై ఇండ్లకు తలా ఇంత తొక్కు ఇచ్చి ఎట్లుందో చెప్పమన్నాం. అందరూ బాగుందన్నారు. వియ్యపురాలు బాగుందంది, అంగన్‌వాడీ టీచరమ్మ బాగుందంది, మా వీఓఏ ఇంకొంచెం పెట్టమంది. చేతిలో పెట్టినదాన్ని ఎవరు బాగలేదంటారు? మనమైనా అంటామా? పైగా మాకు వచ్చిన కష్టం రుచిలో లేదు. మేము అడిగింది రుచి గురించి.

కోయంబత్తూరు అరుణాచలం మురుగానందం గారి సంగతి మీలో చాలామందికి తెలుసు, ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది. తక్కువ ధరకు ప్యాడ్లు చేయాలని ఆయన మొదలుపెట్టినప్పుడు వాడి చెప్పమంటే ఇంట్లో ఆడవాళ్లకే సిగ్గు. మెడికల్ కాలేజీ పిల్లలకు ఇస్తే కాగితం మీద ఏదో ఒకటి రాసిచ్చారు. రాసింది నమ్మలేక వాడిన ప్యాడ్లే తెచ్చి చూశాడు ఆయన. ఊరంతా పిచ్చివాడు అనుకుంది. 2016లో పద్మశ్రీ వచ్చింది. శిక్షణలో ఇది విన్నప్పుడు మేము నవ్వుకున్నాం. తర్వాత అర్థమైంది, మాకు కావాల్సింది కూడా అదే, వాడిన ప్యాకెట్ చూడాలి అని.

కానీ అది అర్థం కాకముందు ఇంకొక తప్పు చేశాం. నూనె కారింది కదా, నూనె తగ్గిద్దాం అనుకున్నాం. కిలోకు ఇంత అని తగ్గించి కొత్తగా 20 ప్యాకెట్లు కట్టి సేటు దగ్గరికి తీసుకపోయాం. ఆయన బల్ల మీద పెట్టుకొని, "నెల రోజులు ఇక్కడ ఉండనీ, అమ్మను, చూస్త" అన్నాడు. మూడు వారాలకు రెండింట్లో తెల్లగా బూజు. తొక్కు మీద నూనె ఎందుకు తేలాలో మన నాయనమ్మలకు తెలుసు, ముక్కకు గాలి తగలకుండా అది కాపాడుతది. మాకూ తెలుసు. తెలిసీ భయంలో మర్చిపోయాం. సేటు ఆ రెండు ప్యాకెట్లు మా చేతిలో పెట్టి, "ఇగ చాలు అమ్మా" అన్నాడు.

ఇగ చాలు అన్న రోజు మాలో చిన్నది ఒక మాట అడిగింది. "సేటూ, ఆ చీర కరాబైన అమ్మ నంబరు ఇప్పిస్తరా?" ఆయనకు కోపం వచ్చింది. తిట్టించుకోవడానికా అన్నాడు. అవును అన్నాం. వారం రోజులు తిరిగితే ఆమె కొడుకును అడిగి ఇప్పించాడు.

వీడియో కాల్ చేశాం. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున. ఆమె తిట్టింది. ఆ చీర ఎన్ని దుకాణాలు తిరిగి కొన్నదో, శ్రీమంతం నాడు బిడ్డకు ఏ చీర కట్టారో అన్నీ చెప్పింది. అడ్డం మాట్లాడలేదు, విన్నాం. తర్వాత ఒకటే అడిగాం. "అమ్మా, ఆ ప్యాకెట్ ఉన్నదా, పారేసిండ్రా?" అని. ఉంది. తొక్కు పారేయబుద్ధి కాక, ఇంకో రెండు కవర్లు తొడిగి ఫ్రిజ్‌లో పెట్టింది. దాన్ని తెచ్చి ఫోన్ ముందు పట్టింది. కవరు ఎక్కడా చిరగలేదు. సీలు కూడా అంతా బాగుంది, ఒక మూల మాత్రం రెండు వేళ్లంత విడిపోయింది. ఆమె నాలుగు ప్యాకెట్లు తీసుకపోయిందట, మిగిలిన మూడు చుక్క కూడా కారలేదు. నూనె ఎక్కువైతే నాలుగూ కారాలి కదా. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఈసారి వేరే కారణానికి.

తెల్లారి మేము ప్యాకెట్ ఎట్ల కడుతున్నామో మాకు మేమే చూసుకున్నాం. ఒకామె చేస్తుంటే మిగిలినవాళ్లం కూర్చొని చూశాం, మధ్యలో సలహాలు చెప్పవద్దని కట్టుబాటు పెట్టుకొని. అదే కష్టమైంది, చెప్పకుండా ఉండడం! గరిటెతో తొక్కు కవర్లో వేస్తుంటే కవరు మూతికి నూనె అంటుతుంది. దాన్ని బట్టతో తుడుస్తాం. తుడిచినా లోపలి వైపు మూలకు పలచగా నూనె ఉంటుంది. దాని మీదే మిషన్ నొక్కుతాం. నూనె ఉన్నకాడ ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు గట్టిగా అతకదు. చూడటానికి అతికినట్టే ఉంటుంది, బరువు పడితే విడిపోతుంది. అయిదో ఆరో ప్యాకెట్‌కు ఒకటి అట్ల పోతుంది. మిషన్ నాసిరకం కాదు, నూనె ఎక్కువ కాదు, పెట్టె సర్దిన తల్లి తప్పు అసలే కాదు.

వెడల్పు మూతి గరాటు చేయించాం, కవరు మూతి మీదికి వంచి, అందులోంచి నింపి, తర్వాత మూతి నిలబెట్టి సీలు చేయడం మొదలుపెట్టాం. ఒకటి కాదు, వేలెడు దూరంలో రెండు సీళ్లు. ప్యాకెట్‌ను పాత పేపర్ల మధ్య పెట్టి, మీద 25 కిలోల బియ్యం బస్తా పెట్టి రాత్రంతా ఉంచడం, పొద్దున పేపరు మీద మరక ఉందా అని చూడడం. ఇది మా పరీక్ష. మొదటి రాత్రి పది ప్యాకెట్లకు మూడింటికి మరక!

మళ్లీ చూశాం. సీలు విడిపోలేదు ఈసారి, కవరుకు సూది బెజ్జమంత రంధ్రం. మామిడి టెంక. కత్తిపీట మీద కొట్టినప్పుడు టెంక అంచు కొసగా తేలుతుంది, బరువు పడితే లోపలి నుంచి కవరును పొడుస్తుంది. టెంక తీసేద్దామంటే మా పెద్దక్క ఒప్పుకోలేదు. "టెంక లేని మామిడికాయ తొక్కు ఒక తొక్కేనా, ముక్క మెత్తబడి ముద్దైతది" అన్నది. ఆమె అన్నది నిజమే. రెండు రోజులు మాటల్లేవు. చివరికి ఊర్లో, దగ్గరి ఊర్లలో అమ్మేది టెంకతోనే, ప్లాస్టిక్ డబ్బాలో. విమానం ఎక్కేది మాత్రం టెంక తీసి, ముక్క కొంచెం గట్టిగా ఉన్న కాయతో, కవర్లో అని తేల్చుకున్నాం. పెద్దక్క ఇప్పటికీ దాన్ని "విమానం తొక్కు" అనే అంటుంది, కొంచెం చిన్నచూపుతోనే.

ఇంకొకటి ఉబ్బడం. కలిపిన మర్నాడే కవర్లో కడితే ఎండకు ప్యాకెట్ ఉబ్బింది. తొక్కు ఊరేటప్పుడు గాలి పుడుతుంది. దానికి తోడు విమానం పైకి పోయినంక గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్యాకెట్‌లో మిగిలిన గాలి ఇంకా ఉబ్బుతుంది, చిప్స్ ప్యాకెట్ ఉబ్బినట్టు. ఈ మాట మా సభ్యురాలి కొడుకు ఇంజినీరింగ్ పిల్లవాడు చెప్పాడు. అందుకని మూడో రోజు తిరగకలిపి, 15 రోజులు జాడీలో ఊరనిచ్చి, ఆ తర్వాతే ప్యాకింగ్, గాలంతా నొక్కి తీసి.

ఇంతదాకా మా ఇంట్లో మేము చూసుకున్నది. పోయేవాళ్లు ఎట్ల సర్దుకుంటారో కూడా చూడాలి కదా. అత్తాపూర్‌లో వంట చేసే మా చెల్లె, ఆ ఇంటి అమ్మగారిని అడిగింది. కొడుకు దగ్గరికి పోతున్నారు వాళ్లు. "సర్దేటప్పుడు మా సంఘం వాళ్లు ఇద్దరు వచ్చి చూస్తరు అమ్మా, ఏమీ అమ్మరు" అని. ఆమె నవ్వి రమ్మన్నది. తర్వాత అదే అపార్టుమెంట్‌లో ఇంకో రెండిండ్లు చూశాం.

అక్కడ చూసింది చాలా ఉంది. పెట్టెకు 23 కిలోలు. వేలాడదీసే చిన్న కాంటాతో పదిసార్లు తూస్తారు. బరువు ఎక్కువైతే మొదట బయటికి వచ్చేది తొక్కే. అరకిలో ప్యాకెట్ తీసేస్తే ఒక రకం మొత్తం పోతుంది, అందుకని వాళ్లు ఇంట్లోనే విప్పి సగం సగం చేసి, మళ్లీ తమ కవర్లలో కట్టుకుంటున్నారు. మేము కష్టపడి వేసిన సీలు వాళ్లు కత్తెరతో కోస్తున్నారు! అది చూసి మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "బాగుందా" అని అడిగి ఉంటే ఈ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పాలని వాళ్లకే తోచదు. మేము అడిగింది ఇదొక్కటే: పోయినసారి ఏం పట్టుకపోయిండ్రు, ఏం మిగిలింది, ఏం పారేసిండ్రు. ఒకామె, లేబుల్ మీద తెలుగే ఉంటే దిగినకాడ కస్టమ్స్ వాళ్లకు ఇది ఏమిటో చెప్పడానికి నోరు ఆరిపోయిందని చెప్పింది. మాంసం కలిసినవి అమెరికాలోకి రానివ్వరు, ఎర్రగా నూనెలో ముక్కలు కనిపిస్తే వాళ్లు అడుగుతారు. మా లేబుల్ అంతా తెలుగు, ఆకుపచ్చ చుక్క ఒక్కటి ఉంది, ఆ చుక్క అర్థం అక్కడ ఎవరికి తెలుసు?

హౌస్‌కీపింగ్‌కు పోయే మా ఇద్దరు ఎన్నో ఏండ్ల నుంచి చూస్తున్నదే ఇంకొకటి చెప్పారు. తనిఖీ కాడ చేతిసంచిలోంచి తీయించిన తొక్కు సీసాలు. నూనె ఉన్న తొక్కును చేతిసంచిలో రానివ్వరని తెలియక తెచ్చుకొని, అక్కడ ఒక అమ్మ సీసా పట్టుకొని బతిమాలుతుంటే చూడలేక పక్కకు తిరిగామని చెప్పారు. రోజూ చూస్తున్నారు, మాకు పనికొచ్చే సంగతి అని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు మా ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో "పెద్ద పెట్టెలోనే పెట్టుకోండి" అని తెలుగులో, ఇంగ్లీషులో ఉంటుంది. అమెరికా పోయేవాళ్లు ఎంత అడిగినా చికెన్ తొక్కు ఇవ్వం. లాభం అందులోనే ఎక్కువ, అయినా దిగినకాడ వాళ్లది చెత్తబుట్ట పాలు.

ఇవన్నీ పట్టుకొని సేటు దగ్గరికి పోయామా అంటే, పోయాం గానీ ప్యాకెట్లు తీసుకపోలేదు. "సేటూ, అమ్మమని అడగం. నాలుగు ఆదివారాలు మీ దుకాణంలో ఒక మూల ఒకరం కూర్చుంటం, ఊడ్చి పెడతం, సామాను అందిస్తం, గిరాకీ వాళ్లు ఏం చేస్తరో చూస్తం" అన్నాం. "చూసి ఏం చేస్తరు? వాళ్లకు ధర కావాలె, అంతే" అన్నాడు. ఊడ్చే మనిషి పుక్కటికి దొరికిందని ఒప్పుకున్నాడో ఏమో, ఒప్పుకున్నాడు.

నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకున్నాం. ధర చూసేవాళ్లు ఉన్నారు. కానీ చేతికి తీసుకున్న ప్రతి మనిషీ ప్యాకెట్‌ను బొటనవేలితో నొక్కి, తలకిందులు చేసి, కొంచెంసేపు పట్టుకొని చూస్తున్నారు. కారుతదా అని. కాస్త జిడ్డు తగిలితే పెట్టేసి, వేలు తుడుచుకొని పోతున్నారు, ఏమీ అనకుండా. సేటుకు అది వినిపించదు కదా, ఆయన గల్లా కాడ ఉంటాడు. ఇంకోటి, "తొక్కు" అనే పేరు. మన దిక్కు తొక్కు అంటే తొక్కే. కోస్తా వాళ్లు వచ్చి, తొక్కు అంటే దంచిన పచ్చడా అని అడుగుతున్నారు. "ఆవకాయ" అని రాస్తే ఆవపిండి ఘాటు కోసం చూసి, మాది అల్లం వెల్లుల్లి వేసి పోపు పెట్టిన తొక్కు కాబట్టి ఇది ఆవకాయ కాదని అంటారు. వాళ్లదీ తప్పు కాదు. అందుకని "తెలంగాణ మామిడికాయ తొక్కు, అల్లం వెల్లుల్లితో" అని పూర్తిగా రాశాం. పేరు పొడుగైంది గానీ ప్రశ్నలు తగ్గాయి.

నాలుగో ఆదివారం సేటుకు ఆ నోట్‌బుక్ చూపించాం. మా తొక్కు సంగతి కాదు, ఆయన దుకాణం సంగతి. జిడ్డు తగిలి పెట్టేసిన ప్యాకెట్లు ఆ నాలుగు రోజుల్లో 31, అందులో మావి ఒక్కటీ లేవు, మావి అప్పుడు దుకాణంలోనే లేవు కదా. ఆయన రెండు పేజీలు తిప్పి, లేచి పోయి బల్ల మీద ఉన్న వేరేవాళ్ల ప్యాకెట్లు తానే నొక్కి చూశాడు. తర్వాత అడిగాడు, "మీదెట్ల ఉంది ఇప్పుడు?" అని. సంచిలోంచి పావుకిలో ప్యాకెట్ ఒకటి తీసి ఇచ్చాం. ఆయన నేల మీద పెట్టి చెప్పు విడిచి కాలితో తొక్కాడు. మనిషి బరువు ఆపింది. కానీ ఆ రోజు కూడా సరే అనలేదు. "అమెరికా పోయే నా చుట్టాలు ఉన్నరు, వాళ్లకు పది ఇస్త, దిగినంక చూద్దాం" అన్నాడు. మేమూ అదే కోరుకున్నాం. పది దిగాయి, ఒక్కటీ కారలేదు. ఆ తర్వాతే ఆర్డర్. ఈసారి అమ్మితేనే అని కాదు, సగం పైసలు ముందే ఇచ్చాడు.

చెయ్యి మారుతది అన్న ఆయన మొదటి మాట మాత్రం అట్లనే ఉంది. ముంబైలో 1959లో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ గురించి మన సమావేశాల్లో ఎన్నోసార్లు విన్నాం. వాళ్లు పిండి ఒక్కచోట కలిపి ఇస్తారు, అక్కలు ఇండ్లలో ఒత్తి తెస్తారు. మేము కూడా కలపడం ఒక్క ఇంట్లోనే పెట్టాం. పెద్దక్క చేతి కొలతను కాంటా ఎక్కించాం. ఆమె పిడికిలితో ఉప్పు మూడుసార్లు వేస్తే మూడుసార్లూ తూచాం, తేడా కొన్ని గ్రాములే! ఆ రోజు ఆమె ముఖం చూడాలి. కారం సంగతి వేరు, ఏ మిర్చి అన్నదాన్ని బట్టి మారుతుంది. వరంగల్ దిక్కు చపాటా మిర్చి రంగు బాగా ఇస్తుంది, ఘాటు తక్కువ. ప్రతి కొత్త బస్తాకు మొదట ఒక కిలో తొక్కు పెట్టి రుచి చూసి, కొలత సరిచేసి, రాసి పెట్టుకుంటున్నాం.

గల్ఫ్ వాళ్ల సంగతి కొంచెం చెప్పాలి, ఇది మేము అనుకోనిది. జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి దిక్కు నుంచి బండ్లు కట్టుకొని వచ్చి, విమానానికి టైం ఉంటే మన హైవే మీద చాయ్ తాగుతారు. దుకాణం అద్దాలు చూసి లోపలికి రారు, ధర ఎక్కువని. వాళ్లతో హోటల్ కాడ నిలబడి మాట్లాడితే వాళ్ల అవసరమే వేరు. పావుకిలో వాళ్లకు వద్దు, కిలో కావాలి. రంగుల లేబుల్ వద్దు, దాని పైసలు తగ్గించమన్నారు. ఒక్క రూములో ఏడెనిమిది మంది ఉంటారట, అందరి తొక్కులూ ఒక్కలాగే ఉంటాయి, ఎవరిది ఎవరు తిన్నారో తెలియక లొల్లి. ఒక తమ్ముడు నవ్వుతూ చెప్పాడు ఇది, కానీ అతని అమ్మ పక్కనే నిలబడి కొంగుతో కండ్లు తుడుచుకుంటుంది. మేము లేబుల్ మీద "పేరు" అని రాసి ఒక తెల్ల గీత వదిలాం. ఖర్చు ఏమీ లేదు. ఇప్పుడు కిలో ప్యాకెట్లు సేటు దుకాణంలో కాదు, చాయ్ హోటల్లోనే పెడుతున్నాం. చాలామంది తల్లులు అక్కడే పెన్ను అడిగి తీసుకొని కొడుకు పేరు రాస్తారు.

శిక్షణకు వచ్చిన ఒక సారు, మేము చేసినదానికి యూజర్ రీసెర్చ్ అని పేరు ఉందని, పెద్ద కంపెనీల్లో దీనికి జీతాలిచ్చి మనుషుల్ని పెడతారని చెప్పాడు. మాకు జీతం లేదు గానీ, కవర్లు, లేబుళ్లు మార్చి మార్చి 9,400 రూపాయలు ఖర్చైంది. అది లెక్కల్లో రాశాం, ఆడిట్‌లో అడిగితే ఇదే చెప్పాం. అయిదుసార్లు లేబుల్ ఒకేసారి వెయ్యి కొట్టించకుండా యాభై యాభై కొట్టించి ఉంటే ఇందులో సగమే అయ్యేది. మీరు మొదలుపెడితే మాత్రం యాభై కంటే ఎక్కువ కొట్టించకండి.

తీరనివి ఉన్నాయి. నిమ్మకాయ తొక్కు ఇప్పటికీ ఉబ్బుతుంది, దాన్ని దుకాణానికి ఇవ్వడం లేదు. ఇద్దరు సభ్యులు మధ్యలోనే ఈ పని మానేశారు, వాళ్లు పొదుపులో ఉన్నారు, తొక్కులో లేరు. వాళ్ల మీద మాకు కోపం లేదు.

ఆ చీర అమ్మ ఆరు నెలలకు తిరిగి వచ్చింది. సేటు ఫోన్ చేస్తే మేము ముగ్గురం పోయాం, చీర డ్రైక్లీనింగ్‌కు పైసలు తీసుకొని. ఆమె పైసలు తీసుకోలేదు. మరక పోలేదంది, చీర బీరువాలో అట్లనే ఉందంది. కొత్త ప్యాకెట్ చేతిలో పెడితే, ఆమె కూడా బొటనవేలితో నొక్కి, తలకిందులు చేసి పట్టుకుంది. కొనలేదు. "మా చెల్లెలు పోతది వచ్చే నెల, చెప్పి చూస్త" అన్నది. ఆమె చెల్లెలు వచ్చిందో లేదో మాకు తెలియదు, గిరాకీల్లో ఎవరో ఒకరై ఉండవచ్చు.

ఇప్పుడు సేటు ఎండాకాలానికి 300 ప్యాకెట్లు అడుగుతున్నాడు, తొందరగా కావాలని రోజూ ఫోన్. కాయ కోసి, కలిపి, 15 రోజులు ఊరితే గానీ ఇవ్వమని చెప్పాం. కోపం చేసుకున్నాడు, ఆగుతానన్నాడు. గరాటుతో నింపడం, రెండు సీళ్లు వేయడం నేర్చుకోవాలనుకునే సంఘాలు ఏ శుక్రవారమైనా మా ఊరికి రండి. వచ్చేటప్పుడు మీ దగ్గర కారిన ప్యాకెట్ ఉంటే పారేయకుండా వెంట తీసుకురండి.